గని లీజు వేరు, చేను వేరు: జొన్నగిరి బంగారు గని చుట్టుపక్కల భూములపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి గ్రామాల రైతులకు బంగారం మాట కొత్త కాదు. అశోకుడి కాలంలో మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ చదవొచ్చు. కొత్తగా వచ్చిందల్లా లీజు కాగితం. ఏళ్ల తరబడి ప్రతిపాదనగానే ఉండిపోయిన ఈ గని గురించి ఇంజనీర్లు అడిగే ప్రశ్నలు వేరు, చేను ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలు వేరు. ఇక్కడ రెండో రకం ప్రశ్నలకే జవాబులు ఉన్నాయి. ఇవి దారి తెలియడానికి రాసినవి. మీ సర్వే నంబరు సంగతి తేల్చుకోవాలంటే కాగితాలన్నీ తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లాల్సిందే.

లీజు వచ్చిందంటే మా చేను కంపెనీది అయిపోయినట్టేనా?

కాదు. ఊళ్లో ఎక్కువ భయం పుట్టించింది ఈ ఒక్క అపోహే. అందుకే దీన్నే మొదట పెట్టాను.

జియోమైసూర్ సర్వీసెస్ అనే ప్రైవేటు సంస్థకు ఇక్కడ ఇచ్చిన మైనింగ్ లీజు విస్తీర్ణం దాదాపు 598 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 1,477 ఎకరాలు. ఆ గీత లోపల ఖనిజం తవ్వుకునే హక్కు ఆ సంస్థకు ఉంటుంది. గీత లోపలి భూమి మాత్రం నిన్న ఎవరిదో ఇవాళా వాళ్లదే. రెవెన్యూ రికార్డులైన అడంగల్‌లో, 1-బిలో మీ పేరు మారదు. పాసుపుస్తకం చెల్లుతుంది. విత్తనం వేసుకోవచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, బిడ్డకు రాసివ్వొచ్చు, అమ్ముకోవచ్చు. ‘లీజులో పడిన భూమి ఎందుకూ పనికిరాదు, ఎంతొస్తే అంతకు ఇచ్చెయ్’ అని దళారి చెప్తే ఆ మాట వెనక ఏ చట్టమూ లేదు.

మరి కింద ఉన్న బంగారం ఎవరిది? మాదా, సర్కారుదా?

‘భూమి నీది, భూగర్భం సర్కారుది’ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది పూర్తిగా నిజం కాదు. 2013 జులై 8న త్రేసియమ్మ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. కేరళలోని మలబారు భూముల గురించిన కేసు అది. కింద ఉన్న ఖనిజాలన్నీ ప్రభుత్వానివే అని చెప్పే చట్టం ఏదీ దేశంలో లేదని, చట్టబద్ధంగా ఆ హక్కు తీసేస్తే తప్ప భూగర్భం కూడా మామూలుగా భూమి యజమానినే అనుసరిస్తుందని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

ఆ కేసులో భూములకు రైత్వారీ పట్టాలు ఉన్నాయి. మన సీమకు ఈ సంగతి ముఖ్యం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంఫిణీకి ఇచ్చేశాక, సీడెడ్ జిల్లాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఇక్కడ రైతు పేరుతోనే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. 1827లో ఆయన కలరాతో కన్నుమూసింది కూడా జొన్నగిరికి దాపునే ఉన్న పత్తికొండలో. రైత్వారీ పట్టా పరంపరగా వస్తున్న భూమికి ఆ తీర్పు బలమైన ఆధారం. జమీందారీ రద్దుతో వచ్చిన భూమి, ఇనాం భూమి, ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఈ లెక్కలోకి అంత తేలిగ్గా రావు. వాటి మూల పత్రాల్లో ఖనిజ హక్కు గురించి ఏం రాసుందో చూడాలి.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన గడ్డపార తీసుకుని తవ్వడానికి లేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా ఎవరూ, యజమాని అయినా సరే, గని తవ్వకూడదు. బంగారం మీద రాయల్టీ యజమానికి ఎంత చేరాలన్న వాదన వేరే పెద్ద కథ. ఆ ఆశతో చేతిలో ఉన్న బేరం వదులుకోవద్దు. అలాగని కింద ఉన్నదానికి విలువే లేనట్టు సంతకమూ పెట్టొద్దు.

చెప్పకుండా చేలోకి వచ్చి బోర్లు వేసి శాంపిళ్లు తీసుకోవచ్చా?

1957 చట్టంలో 24ఎ అనే సెక్షన్ ఉంది. పర్మిట్ గానీ లీజు గానీ ఉన్నవాళ్లు ఆ ప్రాంతంలోకి ప్రవేశించవచ్చని చెప్పే సెక్షన్ అది. ‘మాకు మీ అనుమతి అక్కర్లేదు’ అని ఎవరైనా అంటే దీన్ని చూపించే అంటారు. కానీ ఆ సెక్షన్ అక్కడితో ఆగిపోలేదు. ఇంట్లోకి గానీ, ఇంటిని ఆనుకుని ఉన్న ప్రహరీలోకి, దొడ్లోకి గానీ రావాలంటే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి, లేదంటే కనీసం 7 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. జరిగిన నష్టానికే కాక, జరగబోయే నష్టానికి కూడా పరిహారం కట్టాలి. ఆ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలి.

2016కు ముందు ఇచ్చిన లీజులకు వర్తించిన 1960 నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. సొంతం కాని ప్రైవేటు భూమిలో లీజుకు దరఖాస్తు పెట్టేవాళ్లు పైభూమి హక్కు గానీ, యజమాని సమ్మతి గానీ చూపాలి. లీజు రాసుకున్న తర్వాతైనా ఆ సమ్మతి తేవచ్చు, కానీ చేలోకి అడుగుపెట్టక ముందే తేవాలి.

కాబట్టి మనుషులు, రిగ్గు గట్టు మీద కనిపించగానే గొడవకు దిగకుండా మొదట లీజు కాగితం, సమ్మతి కాగితం చూపించమనండి. వేరుశనగో కందో ఏ పంట ఎంత ఎత్తున ఉందో ఫోటోలు తీసుకుని, తహసీల్దారుకు అదే రోజు అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రేపు నష్టం లెక్క కట్టేటప్పుడు మీ నోటి మాట కంటే ఆ రసీదే గట్టి సాక్ష్యం.

కంపెనీ చేతికి భూమి ఏయే దారుల్లో వెళ్తుంది?

నాలుగు దారులు కనిపిస్తాయి. నేరుగా కొని రిజిస్టరు చేయించుకోవడం ఒకటి. రైతు దగ్గర పైభూమిని ఏళ్లకు లీజు తీసుకోవడం రెండు. ప్రభుత్వమే 2013 భూసేకరణ చట్టం కింద సేకరించి ఇవ్వడం మూడు. నాలుగోది, యాజమాన్యం మార్చకుండా గని చట్టం కింద ఏటా పరిహారం కట్టడం. సాగుభూమి అయితే అలాంటి భూమి మీద గడిచిన మూడేళ్లలో ఏటా వచ్చిన సగటు నికరాదాయాన్ని బట్టి ఆ పరిహారం కడతారు. కరువు సీమలో మూడేళ్ల సగటు అంటే ఎంత తక్కువ పడుతుందో రైతుకు చెప్పక్కర్లేదు. రెండేళ్లు వాన పడకపోతే ఆ చేనుకు కాగితం మీద విలువే ఉండదు. నాలుగు దారుల్లో రైతుకు అన్యాయం చేసేది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

మూడో దారిలో ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే, ప్రభావిత కుటుంబాల్లో కనీసం 80 శాతం ముందుగా ఒప్పుకోవాలని 2013 చట్టం చెప్తుంది. సామాజిక ప్రభావ అధ్యయనం కూడా జరగాలి. ప్రభుత్వ రంగ సంస్థ కోసమైతే ఆ సమ్మతి షరతు లేదు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర చిగురుగుంట-బిసానత్తం గనిని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ వేలంలో దక్కించుకుంది. అక్కడి రైతులకు, జొన్నగిరి రైతులకు మధ్య ఈ ఒక్క తేడా చాలా పెద్దది. 2018లో ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణ కూడా కొన్ని తరగతుల ప్రాజెక్టులకు ఈ షరతుల నుంచి మినహాయింపు ఇచ్చింది. నోటిఫికేషన్ వస్తే అది ఏ సెక్షన్ కింద వచ్చిందో మొదటి పేరాలోనే ఉంటుంది, చూసుకోండి.

సేకరణలో మార్కెట్ ధరకు నాలుగింతలు ఇస్తారంట, నిజమేనా?

సగమే నిజం. మార్కెట్ విలువను మొదట ఒక గుణకంతో హెచ్చిస్తారు. పల్లెల్లో అది 1 నుంచి 2 దాకా ఎంతైనా రాష్ట్రం నిర్ణయిస్తుంది. దానికి చెట్లు, బోరు, బావి, కొట్టం లాంటివాటి విలువ కలుపుతారు. ఆ మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, అదనంగా ఇస్తారు. ఉదాహరణకు ఎకరం విలువ 6 లక్షలు అనుకుందాం. గుణకం 2 అయితే 12 లక్షలు, సొలేషియంతో 24 లక్షలు. అదే గుణకం 1.25 అయితే 7.5 లక్షలు, సొలేషియంతో 15 లక్షలే. నాలుగింతలు రావాలంటే గుణకం 2 ఉండాలి.

అసలు చిక్కు ఆ ‘6 లక్షల’ దగ్గరే ఉంది. మార్కెట్ విలువంటే ఊళ్లో చెప్పుకునే ధర కాదు. చుట్టుపక్కల అలాంటి భూమికి మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు తీస్తారు. సర్కారు పుస్తకంలో ఉన్న ధర అంతకన్నా ఎక్కువైతే దాన్ని తీసుకుంటారు. స్టాంపు ఖర్చు మిగులుతుందని పది లక్షలకు కొని మూడు లక్షలకు రాయించుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది కదా. గని వచ్చే చోట ఆ అలవాటు ఊరంతటికీ నష్టం తెస్తుంది. పక్కింటాయన తక్కువ రాయించుకున్న దస్తావేజు మీ పరిహారాన్ని కూడా తగ్గిస్తుంది.

అమ్మేయమంటారా, లీజుకు ఇమ్మంటారా?

ఆ భూమిలో ఏం చేయబోతున్నారో తెలియకుండా దీనికి జవాబు చెప్పకూడదు. ఓపెన్ కాస్ట్ గుంత పడే చోటు, రాతిదిబ్బ పోసే చోటు, ప్లాంటు నుంచి వచ్చే వ్యర్థం నిలవేసే చోటు మళ్లీ చేను కావు. గని మూశాక భూమి తిరిగిస్తామని లీజు కాగితంలో రాసి ఉన్నా, తిరిగొచ్చేది గుంతే. అలాంటి చోట లీజు కంటే మంచి ధరకు అమ్మడమే మేలు. రోడ్డు, ఆఫీసు, స్టాకు పెట్టుకునే జాగా లాంటివాటికైతే లీజు నయం. ఏటా డబ్బు వస్తుంది, భూమి పేరు మీదే ఉంటుంది.

లీజు ఏడాది దాటితే రిజిస్టరు చేయాల్సిందే. నోటరీ చేసిన స్టాంపు కాగితం చాలదు. ఏటా పెరిగే అద్దె, పైమట్టిని విడిగా తీసి కాపాడే షరతు, లీజు వేరే కంపెనీకి మారితే మీ ఒప్పందం కూడా దానికి వర్తిస్తుందన్న వాక్యం ఉండాలి. కంపెనీలు చేతులు మారుతుంటాయి. 2015 సవరణతో గని లీజుల గడువు 50 ఏళ్లకు పెరిగింది. మీ సంతకం మీ మనవళ్ల దాకా పోతుంది. ఒప్పందం తెలుగులో ఇమ్మని అడగడానికి మొహమాటపడొద్దు.

మాది డీ-పట్టా భూమి. పరిహారం రాదంటున్నారు.

వస్తుంది. డీ-పట్టా అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి. అసైన్డ్ భూమి సర్కారుదే కాబట్టి ఏదో కొంత ఎక్స్‌గ్రేషియా ఇచ్చి పంపడం ఒకప్పటి పద్ధతి. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. ప్రజా ప్రయోజనం పేరుతో అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్ విలువ కట్టాలని చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి ఊరికి ఉంటే మంచిది.

అమ్మకం సంగతి వేరు. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన వాటికి పూర్తి హక్కులు వచ్చేలా 2023లో సవరణ తెచ్చారు. అయినా మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉన్నంత కాలం రిజిస్ట్రేషన్ జరగదు. ఈలోగా తెల్లకాగితం మీద అడ్వాన్సు ఇచ్చి వేలిముద్ర తీసుకునేవాళ్లు తిరుగుతారు. గని వార్త పొక్కిన ప్రతి చోటా వాళ్లు ముందే వస్తారు. రేపు పరిహారం ఎవరి పేరున రావాలన్న తగాదాకు అదే మొదలు. మాదిగవాడల్లో, బోయగేరిల్లో చాలామందికి ఉన్నది ఈ రెండెకరాల డీ-పట్టాయే. దయచేసి అలాంటి కాగితం మీద వేలు పెట్టకండి.

మాది చుక్కల భూమి అంటున్నారు, ఏం చేయాలి?

పాత సెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరు ఉండాల్సిన చోట చుక్కలు ఉన్న భూములివి. వీటి కోసమే 2017లో ఒక చట్టం వచ్చింది. సాగు ఆధారాలతో జిల్లా కలెక్టరు దగ్గర తేల్చుకోవాలి. సేకరణ నోటిఫికేషన్ రాకముందే తేల్చుకోవడం మేలు.

భూమి ఇంకా చనిపోయిన మా నాయన పేరు మీదే ఉంది. మా అన్నదమ్ములం ముగ్గురం, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు.

అయిదుగురి వాటా. ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు దేశమంతటా 2005లో వచ్చింది కానీ, మన రాష్ట్రం 1986 లోనే చట్టం చేసింది. అమ్మ బతికుంటే ఆమె వాటా కూడా లెక్కలోకి వస్తుంది. ‘పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట కాగితం మీద లేకపోతే నిలవదు. అక్క సంతకం లేకుండా అమ్మితే ఆ దస్తావేజు కోర్టుకు ఎక్కుతుంది. అప్పటిదాకా పరిహారం డబ్బు భూసేకరణ తగాదాలు తేల్చే అథారిటీలో జమ అయి ఉంటుంది, ఎవరి చేతికీ రాదు.

ముందుగా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పిడి, చేయించుకోండి. ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) హద్దులు సరిచూసుకోండి. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో విస్తీర్ణానికీ, దస్తావేజులో విస్తీర్ణానికీ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించాలి. పది సెంట్ల తేడా కూడా పరిహారం రోజున పెద్దదే అవుతుంది.

నాకు సెంటు భూమి లేదు. కౌలుకు చేస్తా. నా గతి ఏంటి?

గని చట్టం పరిహారం ఇవ్వమన్నది భూమిలో ఉండి అనుభవిస్తున్నవాడికి. యజమాని అన్న మాట అక్కడ వాడలేదు. పంట మీదైతే పంట నష్టం అడిగే హక్కు మీకూ ఉంది. దానికి రుజువు కావాలి కాబట్టి 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డు తీసుకోండి. కార్డుకు యజమాని ఒప్పుకోవాలి, అక్కడే చాలామందికి ఆగిపోతుంది. కార్డు లేకున్నా ఎరువుల బిల్లులు, మార్కెట్ చీటీలు దాచుకోండి.

2013 చట్టం కింద సేకరిస్తే, మూడేళ్లకు తగ్గకుండా ఆ ఊళ్లో బతుకుతూ జీవనాధారం కోల్పోయే కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తులవాళ్లు కూడా ప్రభావిత కుటుంబాలే. ఇంటికో ఉద్యోగం గానీ, ఒకేసారి 5 లక్షలు గానీ, 20 ఏళ్ల పాటు నెలకు 2,000 గానీ అని రెండో షెడ్యూలులో ఉంది. ఊరు వదలాల్సి వస్తే ఏడాది పాటు నెలకు 3,000 భత్యం, సామాను తరలించడానికి 50,000 ఉన్నాయి. ఇవన్నీ రావాలంటే సామాజిక ప్రభావ అధ్యయనం జాబితాలో మీ పేరు ఉండాలి. సర్వేకు వచ్చినవాళ్లు పట్టాదారులనే అడిగి వెళ్లిపోతుంటే వెంటపడి మీ పేరు రాయించుకోవాలి.

గ్రామసభ వద్దంటే గని ఆగిపోతుందా?

ఇక్కడ ఆగదు. 1997 సమత తీర్పు, 2013 నియమగిరి తీర్పు గురించి విని చాలామంది ఇలా అడుగుతారు. అవి అడవి బిడ్డల ప్రాంతాల కోసం వచ్చినవి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గని లీజులు చెల్లవన్నది మన అనంతగిరి మండలం నుంచి వెళ్లిన సమత కేసే. తుగ్గలి షెడ్యూల్డు ప్రాంతం కాదు.

మన చేతిలో ఉన్న వేదిక పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, ప్రాజెక్టు చోట గానీ దగ్గర్లో గానీ దీన్ని జరపాలి. ఎవరేం మాట్లాడారో రాసుకుని, సభ అయ్యేలోపు స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇది చాలామందికి తెలియదు. మాట్లాడి వెంటనే ఇంటికి రావద్దు. మీరన్నది రాశారో లేదో వినేదాకా ఉండండి. రాయకపోతే అక్కడే అడగండి. మాట్లాడలేకపోతే రాసిచ్చినా చెల్లుతుంది. అనుమతి వచ్చాక సవాలు చేయాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో వెళ్లాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వరు.

ఎర్రగుడి శాసనాల దగ్గర కూడా తవ్వేస్తారా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు అది. చుట్టూ 100 మీటర్ల దాకా నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా నియంత్రణ ఉంటాయి. మీ చేను ఆ నియంత్రణ హద్దులో ఉంటే మీరు ఇల్లు కట్టుకోవాలన్నా అనుమతి కావాలి.

గని ఆదాయంలో ఊరికేమైనా వస్తుందా?

2015 సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్ వచ్చింది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవాటి మీద 10 శాతం దీనికి చేరుతుంది. ఇది గని ప్రభావం పడిన ఊళ్ల కోసం పెట్టిన నిధి. తాగునీరు, వైద్యం, బడి, కాలుష్య నివారణ మొదట చూడాలి. జొన్నగిరి పిల్లల బడికి రావాల్సిన డబ్బు జిల్లాలో ఇంకెక్కడో సిమెంటు రోడ్డుకు పోకూడదు. ఏ ఊరికి ఎంత ఖర్చు పెట్టారో సమాచార హక్కు కింద ప్రతి ఏడాదీ అడగండి.

తొలకరి వానకు వజ్రాల కోసం వచ్చేవాళ్లు చేను తొక్కేస్తున్నారు. ఆపొచ్చా?

ఆపొచ్చు. పట్టా భూమిలోకి రావద్దని బోర్డు పెట్టే హక్కు మీకుంది. విత్తనం పడ్డాక వస్తే పోలీసులకు చెప్పొచ్చు.

గని మూసేశాక ఆ భూమి ఏమవుతుంది?

ఎక్కడో దూరం పోనక్కర్లేదు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. అదే సంస్థ నడిపిన మన రామగిరి, చిగురుగుంట గనులు కూడా ఆ ఏడాదితోనే ఆగిపోయాయి. కోలారులో సైనైడు దిబ్బల ధూళి ఇప్పటికీ గాలికి లేచి ఇళ్ల మీద పడుతుంది. పని చేసిన కుటుంబాలు, వాళ్లలో మన చిత్తూరు వైపు తెలుగువాళ్లు చాలామంది, ఉంటున్న ఇళ్ల మీద హక్కు కోసమే ఏళ్ల తరబడి తిరిగారు. గని మూసివేత ప్రణాళికను కంపెనీ మొదలుపెట్టేటప్పుడే ఇవ్వాలి, దానికి పూచీకత్తు కూడా కట్టాలి. ఆ ప్రణాళికలో మీ సర్వే నంబరు ఎదురుగా ‘దిబ్బ’ అని ఉందా, ‘మొక్కల పెంపకం’ అని ఉందా అన్నది భూమి ఇచ్చే ముందే చూసుకోవాలి.

తక్కువ కట్టారనిపించింది. డబ్బు తీసుకుంటే ఇక కేసు వేయలేమా?

తీసుకోవచ్చు, కానీ ఎలా తీసుకుంటామన్నది ముఖ్యం. రసీదు మీద సంతకం పైన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయాలి. ఊరికే సంతకం పెట్టి తీసుకుంటే పరిహారం పెంచమని అథారిటీకి వెళ్లే హక్కు పోతుంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరాలు రాసివ్వాలి. అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు, ప్రకటించిన రోజు మీరు అక్కడ ఉంటే, ఆ రోజు నుంచి 6 వారాల్లోపు కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. ఉద్యోగానికో కూలికో బెంగళూరు, హైదరాబాదు పోయినవాళ్లు ఊళ్లో ఒకరిని నోటీసులు చూసే పని మీద పెట్టుకోండి. నోటీసు పంచాయతీ గోడ మీద అంటించి ఉంటుంది. వాన వస్తే అది కూడా రాలిపోతుంది.